ఇరవై ఒకటోది

మత్తికెరె వైపు ప్రహరీకి ఆనుకుని
నేలమాళిగలో మా గది.
ఆఖరి బస్సు వెళ్ళిపోయాక
పంపుల గురక ఒక్కటే మిగులుతుంది.

పొయ్యిలో సోడియం మరుగుతుంది.
చల్లటి వాయువు ఊదితే
పరమాణువులు చలికి దగ్గరగా జరిగి
గుత్తులు కడతాయి,
మూడు, ఏడు, ముప్ఫై మూడు, ఎన్ని దొరికితే అన్ని.
పూర్తిగా ఆరని గుత్తులు.
శూన్యంలో ఎగురుతూ
ఒంటి మీది వేడి దించుకోవడానికి
వాటికి తెలిసింది ఒకటే దారి:
ఒకదాన్ని వదిలేయడం.

తెర మీద కొండలు లేస్తాయి.
ఇరవై దగ్గర నిటారుగా శిఖరం,
పక్కనే ఇరవై ఒకటి దగ్గర గొయ్యి.
మాయసంఖ్య అంటారు ఇరవైని.
నేనూ రెండేళ్ళు అలాగే అన్నాను
సెమినార్లలో, వేలితో చూపిస్తూ, కాస్త గర్వంగా,
నా మేనల్లుడికి ర్యాంకు వచ్చినట్టు.

లెక్క కడితే ఆ ఎత్తంతా ఇరవైది కాదు.
ఇరవై ఒకటిలో ఆ చివరిదాన్ని పట్టి ఉంచేది
సన్నటి దారం. కాస్త వేడికే పుటుక్కుమంటుంది.
తెగితే మిగిలేది ఇరవై.
ఇరవై నుంచి ఒకటి ఊడాలంటే మాత్రం
చాలా ఖర్చు.
రావడం సులువు, పోవడం కష్టం.
అందుకని అక్కడ పోగుపడతాయి,
సాయంత్రం ఆరింటికి సిల్క్ బోర్డు దగ్గర బండ్లలాగా.

పక్కది విడిపోవడానికి ఎంత,
ఇది విడిపోవడానికి ఎంత.
ఆ రెండు ధరల మధ్య తేడాకి
మేం పెట్టిన పేరు స్థిరత్వం.

మునివెంకటప్పది ముళబాగిలు.
పంపులకి నూనె మార్చేదీ, లీకులు పట్టేదీ ఆయనే.
వరండాలో ఆయన మట్టికుండ,
ఒళ్ళంతా చెమ్మ.
ఒకసారి గ్రాఫు చూపించి చెప్పబోతే
గ్లాసు ముంచుతూ అన్నాడు:
"దీనికి ఇంత మిషను యాల మేడం?
కుండలో నీళ్ళు సల్లగుండాయంటే
కొన్ని నీళ్ళు పొయినాయనే గదా."

ఆ రోజు నవ్వాను.

కెజియా బల్ల ఖాళీ అయి నలభై రోజులు.
సొరుగులో హెయిర్‌క్లిప్పు, చీరాల టికెట్టు,
సగం వాడిన ఇండియం తీగ చుట్ట.

వింతవేమీ అడగలేదు ఆమె.
ఆర్నెల్లుగా రాని ఫెలోషిప్పు అడిగింది.
పేపర్లో నా కొలతలున్నాయి, నా పేరేదని అడిగింది.
సోమవారం మీటింగులో అడిగింది,
మళ్ళీ సోమవారం అడిగింది.
మేమంతా ప్లేటులోని బిస్కెట్ల కేసి చూశాం.
మేం ఆరుగురం. ఏ మాయసంఖ్యా కాదు.

"ఆవేశం ఎక్కువండీ ఆ అమ్మాయికి,"
ప్రొఫెసర్ గారు తరవాత అన్నారు,
"ఇప్పుడు గ్రూపు సెటిలయింది."

నిజమే, గది చల్లబడింది.
మీటింగులు పావుగంటలో అయిపోతున్నాయి.
ఎవరూ గొంతు పెంచడం లేదు.
పోతూ పోతూ మా అందరి వేడీ
తనొక్కతే మోసుకుపోయింది.
ఆ దారం తెంచడానికి ఆమెకెంత ఖర్చయిందో
మా దగ్గర అంకె లేదు.

లేజరు తగిలి ఆవేశం వచ్చిన గుత్తులే
మా యంత్రానికి కనిపిస్తాయి.
ముందే ఊడిపోయింది కనిపించదు,
అది ఎక్కడో గొట్టం గోడకి అంటుకుని ఉంటుంది,
పలచటి వెండి మరకలో.
ఈ గదిలో నియమం తిరగబడింది.
ఆవేశం ఉన్నదే కనబడకుండా పోయింది.

రెండు దాటింది. గేజీ ముల్లు కదలడం లేదు.
ఆ మూతకి ఇండియం తీగ చుట్టింది ఆమె చేతులే,
ఊపిరి బిగబట్టి, చివరి బోల్టు దాకా.
ఇప్పటికీ చుక్క గాలి దూరలేదు.

లాగ్‌బుక్కు తెరిచాను.
"కొలిచినవారు" అన్న గడిలో
ముందు ఆమె పేరు, తరవాత నాది.

ఇవాళ సోమవారం.
పదింటికి బిస్కెట్లుంటాయి.